కస్టమర్ లెక్క ఎక్కడుంటే మేలు: యాప్‌లోనా, మన కౌంటర్లోనా?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు కర్రీ పాయింట్లు, మెస్‌లు నడిపే మనవాళ్లు కనబడితే అడిగేది ఇదే: "అన్నా, స్విగ్గీ, జొమాటో రిపోర్టులన్నీ ఫోన్లోకే వస్తున్నాయి కదా, మళ్లీ కౌంటర్లో కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎక్కించుకోవడం దేనికి?"

యాప్ రిపోర్టుని తీసిపారేయలేం. ఏ కూర ఎంత పోయింది, ఏ గంటలో రష్, ఎన్ని క్యాన్సిల్ అయ్యాయి, అన్నీ ఉంటాయి. రేపు ఎంత వండాలో తేల్చుకోవడానికి అది చాలు. విడిగా ఖర్చు కూడా లేదు, కమీషన్‌లో ఎలాగూ కట్టేశాం.

తిన్నది ఎవరో మాత్రం మామూలుగా అందులో తెలీదు. ఇది కొత్త గొడవేం కాదు. ఈ యాప్‌లు కస్టమర్ వివరాలు దాచేస్తున్నాయని రెస్టారెంట్ల సంఘం ఎన్ఆర్ఏఐ 2021లోనే, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్‌కి మొరపెట్టుకుంది. ఆ ఫిర్యాదులోని కొన్ని అంశాల మీద 2022లో కమిషన్ విచారణకు ఆదేశించింది.

నన్నడిగితే చూడాల్సింది ఒక్కటే: రావడం మానేసినవాడెవడో మీకు తెలుస్తోందా? శుక్రవారం రాత్రి సేల్ పడిపోయిందనుకోండి. యాప్‌లో ఆ అంకె చూడగానే డిస్కౌంటు పెట్టాలనిపిస్తుంది. అదే కౌంటర్ లెక్క తెరిస్తే, వారమంతా పప్పు, వేపుడు పార్సిల్ పట్టుకెళ్లిన నంబర్లే శుక్రవారం లేవు, సోమవారం మళ్లీ ఉన్నాయి. వాళ్లు మడివాళలో బస్సెక్కి ఊరెళ్లారు. డిస్కౌంటు దండగ, కూర తగ్గించి వండితే సరి. (సోమవారం పచ్చళ్లు కూడా ఎక్కువ పెట్టకండి, అమ్మ చేసిచ్చిన సీసా బ్యాగులోనే ఉంటుంది.) మూడు సోమవారాలుగా కనబడని నంబరుంటే, దానికి ఫోన్ చెయ్యండి. ఇల్లు మారాడో, సాంబారు నచ్చలేదో చెప్తాడు.

ఇందులో తలనొప్పి లేకపోలేదు. రష్‌లో కౌంటర్ కుర్రాడు నంబరడగడానికి బద్ధకించి అందరికీ తన నంబరే కొట్టేస్తాడు. బిల్లు వాట్సాప్‌లో పంపే పద్ధతి పెడితే ఆ ఆట సాగదు. ఒకే మెసేజ్ అందరికీ పంపుదామంటే, వాట్సాప్ బిజినెస్‌లో ఒక్కో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి సేవ్ చేసుకోమని కౌంటర్ దగ్గరే అడగాలి.

ఓఎన్‌డీసీ (కేంద్రం చొరవతో వచ్చిన ఉమ్మడి ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్) 2022లో మామూలు జనానికి మొదట తెరుచుకుంది బెంగళూరులోనే, కావాలంటే చేరండి. పాయింట్ల కార్డు యాప్‌లు మన సైజు షాపుకి అనవసరం.

యాప్ మానేయమనను, కొత్తవాళ్లు వచ్చేది అక్కడినుంచే. డబ్బూ ఓపికా ఒకదానికే ఉంటే మాత్రం నా ఓటు కౌంటర్ లెక్కకే. నంబరు, తేదీ, ఐటమ్, మొత్తం, నాలుగు కాలమ్స్ ఎక్సెల్ చాలు.

2023 డేటా రక్షణ చట్టం ప్రకారం నంబరు దేనికి తీసుకుంటున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. వద్దన్నవాళ్ల నంబరు అప్పుడే తీసెయ్యండి, బతిమాలకండి.