మూడేళ్లుగా బాతులకు ఈస్ట్ దాణా: నీళ్లు మిగిలాయా?

నాకున్నవి నలభై బాతులు, లెక్కపెట్టుకుని వాడుకోవాల్సిన నీళ్లు. ఈస్ట్ పొడి సంచీ మీద ‘నీటి అవసరం తగ్గిస్తుంది’ అని రాసి ఉంటే ఆశపడి కొన్నాను. మూడేళ్లు వాడాక చెబుతున్నా, ఆ మాట నమ్మకండి. బాతు తాగే నీళ్లు ఏ పొడి వేసినా తగ్గవు. అలాగని పొడి వాడటం మానలేదు. ఎందుకో చెబుతాను.

తడపని పిండి దాణా తినే బాతును ఒక పది నిమిషాలు కూర్చుని చూడండి. నోటినిండా పిండి తీసుకుంటుంది, అది ముక్కుకు అంటుకుంటుంది, వెంటనే తొట్టి దగ్గరికి పరుగు. అక్కడ ముక్కు ముంచి గబగబా జల్లిస్తుంది. సగం పిండి నీళ్లలోకే పోతుంది. మళ్లీ దాణా దగ్గరికి, మళ్లీ తొట్టికి. గంట తిరిగేసరికి తొట్టిలో నీళ్లు గంజిలా తయారవుతాయి. నా నీళ్లలో అవి తాగినవాటి కంటే నేను పారబోసినవే ఎక్కువ. ఈస్ట్ పొడి కలిపి పులియబెట్టిన తడి దాణా మొదలుపెట్టాక ఆ తిరుగుడు బాగా తగ్గింది. రోజుకు నాలుగుసార్లు కడిగే తొట్టిని ఇప్పుడు రెండుసార్లే కడుగుతున్నా. మిగిలిన నీళ్లు అవే.

ఈ ఘనత ఈస్ట్‌దా, తడిదా అన్న అనుమానంతో ఒక వారం ఉత్త నీళ్లతో తడిపి పెట్టి చూశాను. తొట్టి విషయంలో పెద్ద తేడా లేదు! కాబట్టి నీళ్ల కోసమే అయితే పొడికి డబ్బు పెట్టక్కర్లేదు.

ఈస్ట్ గొప్పతనం నాకు కాళ్ల దగ్గర తెలిసింది. మొదటి విడత పిల్లలకు కోడిపిల్లల దాణా పెట్టాను. రెండో వారానికే మూడు పిల్లలు మడమల మీద కూలబడ్డాయి, కాళ్లు వంకర తిరిగాయి. బాతుపిల్లలకు నియాసిన్ అనే బి3 విటమిన్ కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలి, కిలో దాణాకు 55 మిల్లీగ్రాములు. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. ఈస్ట్‌లో అది దండిగా ఉంటుంది, పైగా ఒంటికి పడుతుంది. ఈస్ట్ కలిపి పెట్టాక మూడింటిలో రెండు లేచి నడిచాయి. మూడోది నిలవలేదు, ఆలస్యం చేశాను. ఆ తర్వాత మొదటి రోజు నుంచే కలుపుతున్నా, మళ్లీ కాళ్ల గొడవ రాలేదు.

పులియబెట్టడంలో చేసిన తప్పులు చాలా ఉన్నాయి. త్వరగా పులుస్తుందని సలసలా కాగిన నీళ్లు పోశాను, ఈస్ట్ చచ్చిపోయి పిండి కదల్లేదు. గోరువెచ్చగా ఉంటే చాలు. ఇంకోసారి డ్రమ్ము మూత బిగించి పడుకున్నా, తెల్లారేసరికి గ్యాస్‌కు మూత ఎగిరి గోడంతా పిండి. మూడు రోజులు వదిలేస్తే సారా వాసన కొట్టింది, ఒక్క బాతూ ముట్టలేదు. వేడి కాలంలో ఒక రోజు, చల్లగా ఉంటే రెండు రోజులు, అంతే. పైన రంగురంగుల బూజు కనిపిస్తే గరిటెతో తీసేయడం కాదు, మొత్తం పారబోయాలి.

పులిస్తే విషం పోతుందని ఒకాయన చెబితే పాత వేరుశనగ చెక్క కలపబోయి ఆగాను. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని బాతులు అసలు తట్టుకోలేవు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయింది ఈ విషం పట్టిన వేరుశనగ చెక్క తినే, బాతుపిల్లలూ పోయాయి. పులియబెడితే ఆ విషం పోతుందన్న భరోసా లేదు.

ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. నీళ్లు మిగులుతున్నాయి కదా అని కొన్నాళ్లు నిపుల్స్ (ముక్కుతో పొడిస్తే నీటి చుక్కలు వచ్చేవి) ఒక్కటే పెట్టాను. కళ్ల చుట్టూ పుసి కట్టింది, ముక్కు రంధ్రాలు మూసుకుపోయాయి. ఈత లేకపోయినా బాతు బతుకుతుంది, తల మునిగే లోతు మాత్రం ఉండాలి. ఇప్పుడు మూత ఉన్న బకెట్‌కు పక్కన తల పట్టేంత కన్నం చేసి పెట్టాను. తల దూరుతుంది, ఒళ్లు దూరదు, నీళ్లు తక్కువ పాడవుతాయి.

రెట్ట కాస్త గట్టిపడినట్టు, షెడ్డు వాసన తగ్గినట్టు అనిపించింది. అదే రోజుల్లో ఊక మార్చడం కూడా పెంచాను, కాబట్టి ఆ మార్కులు పొడికి వేయలేను. గుడ్లలో తేడా ఏమీ కనపడలేదు.

కొనేవాళ్లు సంచీ వెనక చదవండి. నియాసిన్ కోసమే అయితే చచ్చిన ఎండు ఈస్ట్ అయినా పనిచేస్తుంది, పులియబెట్టాలంటే బతికున్నదే కావాలి, బ్రెడ్డుకు వాడేదైనా సరే. పెద్ద సంచీ చవకే కానీ, తెరిచిన నెలకే నాది తేమకు గడ్డకట్టింది. ఇప్పుడు చిన్నవే కొంటున్నా.