17 అడుగుల బోటుకు బంక్ ట్రైలర్: ఆరేళ్లు వాడాక

ఈ ట్రైలర్ మోసేది 17 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటును, దాని వెనక 90 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు ఇంజిన్‌ను. పెట్రోలు, యాంకరు, లైఫ్ జాకెట్లు అన్నీ కలుపుకొని బోటు సుమారు 900 కిలోలు, ట్రైలర్ ఇంకో 250. గాల్వనైజ్ చేసిన ఇనుప చట్రం, ఒకటే ఇరుసు, బోటు అడుగు ఆనడానికి తివాచీ చుట్టిన రెండు పొడవాటి చెక్కలు. వీటినే బంకులంటారు. ముందు బోటును పట్టీతో లాగడానికి చేత్తో తిప్పే వించ్, వెనక అటొకటి ఇటొకటి నిలువు గైడ్ గొట్టాలు. బోటు వంకరగా ఎక్కుతోందని, వించ్ తిప్పలేక చేతులు పడిపోతున్నాయని బంక్ ట్రైలర్లను తిట్టేవాళ్లు ఎక్కువ. ఆరేళ్ల వాడకంలో తేలింది ఏమిటంటే, ఆ తప్పు చాలావరకు ట్రైలర్‌ది కాదు. దాన్ని నీళ్లలో ఎంత లోతున ఆపామన్న దానిదే.

లోతుకు కొలబద్ద ట్రైలర్ చక్రం మీది మడ్‌గార్డు. బోటు ఎక్కించడానికి ర్యాంపు (నీళ్లలోకి దిగే వాలు దారి) మీద రివర్సులో దిగేటప్పుడు మడ్‌గార్డు పైఅంచు నీటి మీద రెండంగుళాలు కనిపిస్తుండగానే ఆపాలి. అప్పుడు బంకుల వెనక రెండొంతులు నీళ్లలో ఉంటాయి, ముందు వంతు బయట ఉంటుంది. బోటు తేలుతూ వచ్చి ముక్కు బంకుల మీదికి ఎక్కగానే దాని బరువు దాన్నే మధ్యకు సర్దుతుంది. చివరి రెండు మూడు అడుగులు వించ్‌తో లాగితే ముక్కు వెళ్లి ముందున్న రబ్బరు దిమ్మకు ఆనుతుంది.

అందరూ చేసే పొరపాటు ఇంతకన్నా లోతుకు వెళ్లడం. లోతుగా ఉంటే తేలిగ్గా ఎక్కుతుందనిపిస్తుంది, ఎక్కుతుంది కూడా. కానీ బోటు వెనక భాగం ఇంకా తేలుతూనే ఉంటుంది కాబట్టి గాలి ఎటు తోస్తే అటు జరుగుతుంది. బండి ముందుకు కదిలి ట్రైలర్ పైకి వచ్చేసరికి వెనక భాగం ఎక్కడుంటే అక్కడే కూర్చుంటుంది, ఒక పక్క బంకు మీద, రెండో పక్క గాల్లో. ముక్కు కూడా నీటిలో ఎత్తుగా తేలుతూ దిమ్మకు ఆనినట్టే కనిపించి, బయటికొచ్చాక చూస్తే నాలుగంగుళాలు వెనక్కి జారి ఉంటుంది. పొడి నేల మీద వించ్ తిప్పి ఆ నాలుగంగుళాలు లాగాలని చూస్తే పట్టీ తెగుతుంది తప్ప బోటు కదలదు. మళ్లీ నీళ్లలోకి దించి, ఈసారి ఒక అడుగు తక్కువ లోతున ఆపి లాగడమే దారి.

లోతు తక్కువైతే ఇబ్బంది ఇంకో రకం. బోటు సగం దూరంలోనే ఆగిపోతుంది, మిగతా బరువంతా వించ్ మీద పడుతుంది. దీనికి చిట్కా బంకులను ముందే తడపడం. మొదట ట్రైలర్‌ను పూర్తిగా ముంచి, తివాచీ నీళ్లు పీల్చాక సరైన లోతుకు ముందుకు లాగి ఆపాలి. తడి తివాచీ మీద జారినట్టు పొడి తివాచీ మీద బోటు జారదు.

రెండంగుళాల లెక్క అన్ని ర్యాంపులకూ సరిగ్గా సరిపోదు. మంచి ర్యాంపు వాలు సాధారణంగా 12 నుంచి 15 శాతం, అంటే వంద అడుగుల పొడవుకు 12 నుంచి 15 అడుగుల దిగుడు. వాలు అంతకన్నా నిటారుగా ఉంటే ట్రైలర్ వెనక కొస త్వరగా మునుగుతుంది కాబట్టి ఇంకాస్త ముందే ఆపాలి. వాలు తక్కువగా ఉంటే మడ్‌గార్డు పూర్తిగా మునిగినా తప్పదు. కొత్త ర్యాంపు మీద మొదటిసారి సరైన లోతు దొరికినప్పుడు, ర్యాంపు పక్కన ఉన్న స్తంభమో జెట్టీ పలకో ఏదో ఒకటి బండి ముందు చక్రానికి ఎదురుగా గుర్తు పెట్టుకుంటే, నీటిమట్టం మారనంత వరకు ఆ రోజంతా అదే కొలత. బోటును దించేటప్పుడు మాత్రం వెనక భాగం తేలేదాకా మరికొంత లోతుకు వెళ్లాల్సిందే.

వించ్ విషయంలో ఈ ట్రైలర్‌కు ఒక లోపం ఉంది. వచ్చినప్పుడు వించ్ స్తంభం ఎత్తు తక్కువగా బిగించి ఉంది. పట్టీ ముక్కు కొక్కేన్ని కిందికి లాగడంతో ముక్కు బంకులకు అదిమినట్టై తిప్పడం బరువయ్యేది. స్తంభాన్ని పైకి జరిపి, పట్టీ కొక్కేనికి తిన్నగా వచ్చేలా బిగించాక పని చాలా తేలికైంది. కొన్నవాళ్లు మొదటి రోజే చూసుకోవాల్సింది ఇది. ఈ స్తంభాన్నే ముందుకో వెనక్కో జరిపితే హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే చోటు) మీద పడే బరువు కూడా మారుతుంది. మొత్తం 1150 కిలోల్లో పదో వంతు, అంటే 115 కిలోల దరిదాపుల్లో హిచ్ మీద పడేలా సర్దితే ఈ ట్రైలర్ రోడ్డు మీద నిలకడగా వస్తుంది. అది బాగా తగ్గితే వేగం పెరిగినకొద్దీ తోక ఊగడం మొదలవుతుంది. అయితే బోటును జరిపేటప్పుడు ఒకటి మరవకూడదు: బంకులు బోటు వెనక పలక దాకా రావాలి. ముందే ఆగిపోతే ఇంజిన్ బరువు ఆధారం లేకుండా వేలాడి, కాలక్రమంలో అడుగు ఆకారమే వంగుతుంది.

రెండంగుళాల పాలిస్టర్ పట్టీని ఈ ఆరేళ్లలో రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. ఎండకు పోగులు పెళుసెక్కి అంచులు చీలుతాయి. ముడి వేసి కాలం గడపొద్దు, ముడి దగ్గర బలం బాగా పడిపోతుంది. వించ్ పిడి తిప్పడం ఆపినప్పుడు ర్యాచెట్ పన్ను (వించ్ వెనక్కి తిరగకుండా ఆపేది) పడిన టిక్కుమనే చప్పుడు వినబడితేనే చెయ్యి తీయాలి. పట్టీ మీద బరువుండగా ఆ పన్ను ఎత్తితే పిడి గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. పట్టీ కాక ముక్కు కొక్కేనికి విడిగా ఒక సేఫ్టీ గొలుసు కూడా ఉండాలి. దించేటప్పుడు వెనక భాగం నీళ్లలో తేలేదాకా పట్టీనీ గొలుసునూ విప్పకూడదు.

బంకుల మీద తివాచీ బదులు జారుడు ప్లాస్టిక్ పట్టీలు వేసుకున్నవాళ్లకూ, బంకుల బదులు దొర్లే రోలర్లున్న రోలర్ ట్రైలర్ వాడేవాళ్లకూ ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. వించ్ పట్టీ ముందే విప్పితే బోటు కాంక్రీటు మీదికి జారిపోతుంది. రోలర్ ట్రైలర్‌కు ఉన్న అసలు మేలు తక్కువ వాలున్న ర్యాంపుల మీద కనిపిస్తుంది: లోతుకు వెళ్లకుండానే బోటు దొర్లుతూ దిగుతుంది, ఎక్కుతుంది. కానీ బరువంతా రోలర్లు తాకే కొద్ది చోట్లే పడుతుంది, తిరిగే భాగాలు ఎక్కువ, గాలి పక్కనుంచి వీస్తే బోటును నిలబెట్టడం కష్టం. వాలు బాగున్న ర్యాంపు అందుబాటులో ఉన్నవాళ్లకు బంకులే మేలు.

బోటును ఇంజిన్ జోరుతో ట్రైలర్ మీదికి తోయడం చాలాచోట్ల నిషేధం, దానికి సరైన కారణమే ఉంది. ప్రొపెల్లర్ తోసిన నీటి జోరు కాంక్రీటు పలక చివర మట్టిని తవ్వేస్తుంది. తవ్విన మట్టి కాస్త అవతల దిబ్బగా పేరుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్ల ట్రైలర్ చక్రాలు పలక అంచు దాటి ఆ గోతిలో పడతాయి, నీళ్లు తగ్గిన రోజున ప్రొపెల్లర్లు ఆ దిబ్బకు తగులుతాయి. న్యూట్రల్‌లో నెమ్మదిగా తేలుతూ వచ్చి, ముక్కు బంకులు తాకాక మిగతాది వించ్‌కు వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు. గాలి పక్కనుంచి ఉంటే ట్రైలర్ మధ్యకు గురిపెట్టకుండా గాలి వచ్చే వైపు గైడ్ గొట్టానికి దగ్గరగా రావాలి, మిగతాది గాలే సర్దుతుంది. జెట్టీ మీద ఒక మనిషి వెనక తాడు పట్టుకొని నిలబడితే ఇంకా నయం. ఈ ట్రైలర్ గైడ్ గొట్టాలు చూడ్డానికి సన్నగా ఉన్నా వంగలేదు. రివర్సులో ఖాళీ ట్రైలర్ వెనకద్దంలో కనిపించనప్పుడు, అది ఎటు తిరిగిందో చెప్పేవి కూడా ఇవే.

రివర్సు రానివాళ్లు స్టీరింగు అడుగున చెయ్యి పెట్టుకోవాలి. ట్రైలర్ ఎటు వెళ్లాలో చేతిని అటు జరిపితే చాలు. జరపడం కొంచెమే, సరిదిద్దడం వెంటనే. ట్రైలర్ అడ్డం తిరిగిపోయిందనిపిస్తే రివర్సులోనే కుస్తీ పట్టకుండా పది అడుగులు ముందుకు లాగితే అదే తిన్నగా అవుతుంది. ఈ ట్రైలర్ పొట్టిది కాబట్టి చిన్న కదలికకే గబుక్కున తిరుగుతుంది, పొడవాటివి నిదానంగా స్పందిస్తాయి. ఆగాక హ్యాండ్‌బ్రేకు ముందు వేసి, ఆ తర్వాతే గేరు పార్కింగ్‌లో పెట్టాలి. మాన్యువల్ బండి అయితే ఫస్ట్ గేరు. చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, అవేమో నాచు పట్టిన తడి కాంక్రీటు మీద ఉంటాయి. అందుకే చక్రం కింద చెక్క దిమ్మ తప్పనిసరి. ర్యాంపు దిగేటప్పుడు డ్రైవరు సీటుబెల్టు తీసి, అద్దాలు దించి ఉండాలి. ట్రైలర్ వెనక ఎవరూ నిలబడకూడదు.

ఇక తోటివాళ్ల సంగతి. ర్యాంపు మీద జరగాల్సినవి రెండే, దించడం, ఎక్కించడం. వెనక బిగింపు పట్టీలు విప్పడం, అడుగున డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు పోయే రంధ్రానికి బిరడా) బిగించడం, ముందూ వెనకా తాళ్లు కట్టడం, సామాన్లు ఎక్కించడం, బ్యాటరీ స్విచ్ వేయడం, పెట్రోలు గొట్టం మీది రబ్బరు బల్బు నొక్కి గట్టిపడేలా చేయడం, ఇవన్నీ వరసలోకి రాకముందే పక్కన చేసుకోవాలి. అలా సిద్ధమై వచ్చినవాళ్లకు ర్యాంపు మీద మూడు నిమిషాలు సరిపోతుంది. నీళ్లలోకి దిగాక బోటును జెట్టీ చివరికి జరపాలి, మొదట్లోనే కట్టేస్తే వెనకవాళ్లకు దారి ఉండదు. రెండు వరసలున్నచోట మధ్యలో దిగకూడదు. రాత్రిపూట ర్యాంపు మీద హెడ్‌లైట్లు ఆపి పార్కింగ్ లైట్లు వేయాలి, పక్క వరసలో రివర్సు చేసే మనిషికి అద్దాలే కళ్లు. తడబడుతున్నవాళ్లను చూసి హారన్ కొట్టడం కన్నా, దిగి వెళ్లి తాడు పట్టుకోమంటారా అని అడిగితే అందరి పనీ ముందు అవుతుంది. సైగలు మాత్రం ఒక్కరే చేయాలి.

ఆరేళ్లలో మొదట పాడైంది తివాచీ. నాలుగో ఏడు అంచులు చిరిగాయి, మామూలు ఇనుప పిన్నులు తుప్పుపట్టి ఊడాయి. స్టెయిన్‌లెస్ పిన్నులతో, పక్కల నుంచీ అడుగు నుంచీ మాత్రమే కొట్టి మళ్లీ బిగిస్తే గట్టిగా ఉంది. అల్యూమినియం బోటున్నవాళ్లు చెక్క మార్చేటప్పుడు జాగ్రత్త పడాలి. చెదలు, కుళ్లు పట్టకుండా రాగి రసాయనం ఎక్కించిన చెక్క తడి తివాచీ మీదుగా అల్యూమినియాన్ని తినేస్తుంది.

బేరింగులు ఇంతవరకు మార్చలేదు, కారణం హబ్బులకున్న స్ప్రింగు మూతలే. దూరం నుంచి వచ్చాక వేడెక్కిన హబ్బును (బేరింగులుండే చక్రం మధ్యభాగాన్ని) చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి, వెనక సీలు గుండా నీళ్లు పీల్చుకుంటుంది. స్ప్రింగు మూతలు లోపలి గ్రీజును కొద్దిపాటి ఒత్తిడిలో ఉంచి అది జరగనివ్వవు. గ్రీజు గన్‌తో మూతలోని పిస్టన్ కాస్త బయటికి జరిగేదాకా పెడితే చాలు, అదే పనిగా నింపితే వెనక సీలు ఊడుతుంది. మూతలున్నా ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్చాల్సిందే. పాత గ్రీజు పాలరంగులో ఉంటే నీళ్లు చేరినట్టు.

బయటికొచ్చాక ర్యాంపు దాటి పక్కకు వెళ్లి డ్రెయిన్ ప్లగ్ తీయాలి, ఇంజిన్‌లోని నీళ్లు వంచేయాలి. బంకుల సందుల్లో, ఇరుసు చుట్టూ పట్టిన నాచు, గుర్రపుడెక్క తీగలు అక్కడే తీసేయాలి. ఒక చెరువు కలుపూ ఆల్చిప్పల పిల్లలూ ఇంకో చెరువుకు చేరేది ఇలాగే. ఉప్పునీళ్లయితే బ్రేకులు, స్ప్రింగు పట్టీలు మంచినీళ్లతో కడగాలి. వెనక బిగింపు పట్టీలు వేసి, లైట్లు ఒకసారి చూసుకొని బయల్దేరాక పది పదిహేను కిలోమీటర్ల దగ్గర ఆగి రెండు హబ్బులనూ చేత్తో తాకి చూడాలి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడితో ఆగి ఆ చక్రం విప్పాలి.