బియ్యం నమలడమా, పాలీగ్రాఫా?

మిర్యాలగూడ దగ్గరి మా ఊళ్లో, మా నాయనమ్మ చిన్నప్పుడు ముక్కుపుడక పోతే, అనుమానం ఉన్నవాళ్లందరి చేతా గుప్పెడు బియ్యం నమిలించారట. ఉమ్మిన పిండి తడవకుండా పొడిపొడిగా రాలితే వాడే దొంగ. ధర్మశాస్త్రాల్లో బియ్యం నమిలించి దొంగను తేల్చే పరీక్ష, తండుల దివ్యానికి ఇది దగ్గరి చుట్టం. భయానికి నోరెండటం నిజమే. కానీ పెద్దమనుషుల ముందు నిలబడ్డ జీతగాడికి, తప్పు చేయకపోయినా నోరెండదా? ఆ ముక్కుపుడక తర్వాత వడ్ల గాదె అడుగున దొరికిందట.

అబద్ధాన్ని పట్టే యంత్రమని పేరున్న పాలీగ్రాఫ్ హంగు వేరు. ఛాతీకి గొట్టాలు, జబ్బకు రక్తపోటు పట్టీ, వేళ్లకు చెమటను పసిగట్టే బిళ్లలు. కొలిచేది మాత్రం ఆ కంగారునే. అబద్ధానికంటూ ప్రత్యేకమైన శారీరక గుర్తు ఏదీ లేదు. సోవియట్‌కు రహస్యాలు అమ్మిన అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ 1991లోనూ ఈ పరీక్ష దాటేశాడు.

అయినా నేను యంత్రం వైపే కాస్త మొగ్గుతాను. ఒక నిర్దిష్ట ఘటన గురించి అడిగితే ఇది గుడ్డి ఊహ కన్నా చాలా మెరుగనీ, పూర్తిగా నమ్మదగ్గది మాత్రం కాదనీ 2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి తేల్చింది. పైగా సమ్మతి లేకుండా ఎవరికీ చేయరాదని సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. బియ్యం వద్దనే వీలు ఆ జీతగాడికి ఎక్కడిది?