కాలనీలో తారు రోడ్డు వేయిస్తున్నారా? మధ్య అతుకు చూడకుండా బిల్లు కట్టకండి

మాది హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు చిన్న విల్లా కాలనీ. ఇంటికింత అని వేసుకుని మే నెలలో బీటీ (తారు) రోడ్డు వేయించాం, వానలు మొదలై నెల తిరక్కుండానే రోడ్డు నడిమధ్య ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీత గీసినట్టు బీట వచ్చింది. నిన్న అందులో రూపాయి బిళ్ల గుచ్చితే నిలబడింది! పక్కన చెప్పు మొనతో గీరితే కంకర ఊడి చేతికొస్తోంది.

మందం మాత్రం అందరం టేపు పెట్టి మరీ కొలిచాం, అది సరిగ్గానే ఉంది. రోడ్డు రెండు సగాలు కలిసే అతుకు గురించి ఎవరికీ తట్టలేదు.

జరిగిందేంటంటే, వెడల్పులో ఒక సగం సాయంత్రం వేశారు, మిక్స్ (తారు కలిపిన వేడి కంకర) టిప్పర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుందని రెండో సగం మర్నాడు వేశారు. రోలర్ తొక్కేటప్పుడు పక్కన ఆనుకోడానికి ఏమీ లేకపోతే అంచు పక్కకి జారిపోతుంది, అక్కడ ఓ జానెడు ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. తెల్లారేసరికి చల్లారి, దుమ్ము పట్టిన ఆ అంచుకే కొత్త మిక్స్ ఆనించి పోశారు. ఇంకేం అంటుకుంటుంది? సందులోంచి నీళ్లు దిగాయి.

వదులు అంచును కట్టర్‌తో నిలువుగా కోసేసి, కోసిన ముఖానికి తారు పూశాకే రెండో సగం పోయాలట. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో రాసే ఉంది, నేను బీట వచ్చాక చదివా, అదీ నా తెలివి. పై పొర అతుకు కింది పొర అతుకు మీదే పడకూడదు, కనీసం 300 మిల్లీమీటర్లు పక్కకి జరగాలి. మాకు రెండు పొరలూ ఒకే గీత మీద వేశారు. అసలు సన్న రోడ్లకి వెడల్పాటి పేవర్ (మిక్స్ పరిచే యంత్రం) తెస్తే ఒకే దెబ్బలో అయిపోతుంది, మధ్యలో అతుకే ఉండదు. ముందు అదే అడగండి.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే "బండ్లు తిరిగితే అదే సర్దుకుంటది సార్" అన్నాడు. పోరగా పోరగా మనిషిని పంపాడు, అతను కనీసం చీపురైనా వేయకుండా మట్టి మీదే బకెట్‌తో తారు పోసి పోయాడు, పది రోజులకి పెచ్చులు లేచింది. మేమప్పటికే మొత్తం డబ్బు కట్టేశాం. మీరు మాత్రం ఒక వాన చూసేదాకా కొంత ఆపుకోండి, కోత, తారు పూత రెండూ వర్క్ ఆర్డర్‌లో రాయించండి, రెండో సగం వేసేటప్పుడు ఒకరు పక్కనే నిలబడండి.

ఇప్పుడు బీటను గాలితో శుభ్రం చేయించి రబ్బరు కలిపిన తారుతో పూడ్పించాలని చూస్తున్నాం. ఈ మధ్య ఎవరైనా చేయించి ఉంటే మీటరుకి ఎంత పడిందో చెప్పండి.