క్రోషే ఆకుల కిట్: సూదికి మంచి మార్కులే, కాగితానికి సున్నా

ఉగాదికి గుమ్మానికి కట్టుకునే మామిడాకుల తోరణం సొంతంగా అల్లుకుందామని, 'ఇంతవరకు సూది పట్టనివాళ్లకు కూడా' అని రాసి అమ్ముతున్న క్రోషే (కొక్కెం సూదితో దారం అల్లే పని) ఆకుల కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించా, 649 రూపాయలు. పేరు రాయను, ఇలాంటి డబ్బాలు రకరకాల పేర్లతో చాలానే తిరుగుతున్నాయి. రిబ్బన్ కట్టిన గట్టి డబ్బా, మూత మీద ఆకు బొమ్మ, ఎవరికైనా గిఫ్ట్ ఇస్తే మురిసిపోతారు. అల్లిక నేర్చుకోవడానికి పనికొస్తుందా అంటే సగమే, ఆ సగం ఏదో తెలిసి కొంటే డబ్బులు దండగ కావు.

లోపల 3.5 ఎంఎం హుక్కు (అల్లే కొక్కెం సూది, ముందు ముందు సూది అన్నా ఇదే), పచ్చ ఊలు ఉండలు రెండు, మొద్దు మొన దబ్బనం, కుట్టు గుర్తుకు తగిలించే ప్లాస్టిక్ మార్కర్లు, చిన్న కత్తెర, ఆకు వెనక దూర్చడానికి సన్న తీగ, మడతలు పెట్టిన కాగితం ఒకటి. హుక్కు బాగుంది, అందులో పేరు పెట్టడానికి లేదు. అల్యూమినియం తల, పట్టుకునే చోట మెత్తటి రబ్బరు, కొక్కెం అంచు నున్నగా ఉంది కాబట్టి దారం తగులుకోదు. కొత్తవాళ్లకు ఆ సైజు కూడా సరిపోతుంది, ఇంకా సన్నదైతే చెయ్యి తొందరగా నొప్పెడుతుంది, లావుదైతే కుట్లు వదులై ఆకులో కంతలు కనిపిస్తాయి. కత్తెర సంగతి వదిలేయండి, దారాన్ని తెంపదు, నలుపుతుంది.

ఊలు దగ్గర వచ్చింది అసలు పేచీ. ఇచ్చింది అక్రిలిక్, అంటే సింథటిక్ ఊలు, అదీ ముదురు పచ్చ. ఆకు కదా, పచ్చ కాక ఇంకేమిస్తారు అంటారేమో, కానీ మొదటిసారి అల్లేవాళ్లకు ముదురు రంగు ఇవ్వడమంటే చీకట్లో సూదిలో దారం ఎక్కించమనడమే. క్రోషేలో పనంతా సూది ఏ కంతలో దూర్చాలో కంటికి ఆనడంలో ఉంటుంది, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఆ ముదురు పచ్చలో కుట్టుకూ కుట్టుకూ తేడా తెలియదు. పైగా దారం పురి వదులుగా ఉంది, హుక్కు దూర్చిన ప్రతిసారీ పోగుల మధ్యలోంచి వెళ్లి సగం పోగులు బయట, సగం లోపల. ఇంకోటి, మన కడప ఎండలు వాళ్లకేం తెలుసు? మేలో 43, 44 డిగ్రీలు కాసే ఊళ్లో చేతికి చెమట పట్టినప్పుడు అక్రిలిక్ వేలికి అతుక్కుంటుంది, జారదు, దాంతో తెలియకుండానే బిగించి లాగేస్తాం, బిగిస్తే తర్వాతి కుట్టుకు సూది దూరదు. కాటన్ దారమైతే ఈ బాధ చాలా తక్కువ.

కాగితానికి సున్నా ఎందుకంటే, అందులో ఒక లెక్క, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే వీడియోలో ఇంకో లెక్క. క్రోషేలో అమెరికా పద్ధతి, బ్రిటన్ పద్ధతి అని రెండున్నాయి, అమెరికావాళ్లు సింగిల్ అనే కుట్టునే బ్రిటన్‌వాళ్లు డబుల్ అంటారు, అక్కణ్నుంచి వరసగా ప్రతి కుట్టూ ఒక మెట్టు జరుగుతుంది. కాగితంలో ఉన్నది బ్రిటన్ పద్ధతి, వీడియో అమ్మాయి చేసి చూపించేది అమెరికా పద్ధతి, రెండూ వేరని ఎక్కడా ఒక్క ముక్క లేదు. వీడియో చూసి కుట్లు నేర్చుకుని, కాగితం చూసి ఆకు అల్లారనుకోండి, ప్రతి కుట్టూ ఉండాల్సినదానికంటే ఒక మెట్టు పొడుగ్గా వస్తుంది, ఆకు అడ్డంగా పెరిగి మామిడాకు కాస్తా తమలపాకు అవుతుంది. కొన్నవాళ్లేమో తమ చేతికే అల్లిక రాలేదనుకుని డబ్బా అటక మీద పడేస్తారు.

నిజానికి ఆకు అల్లడం అంత బ్రహ్మవిద్య కాదు. అమెరికా లెక్కలో చెప్తా. ఇందులో సింగిల్ పొట్టి కుట్టు, హాఫ్ డబుల్, డబుల్, ట్రెబుల్ వరసగా ఒకదాన్ని మించి ఒకటి పొడుగు. 12 చైన్లు (ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగే గొలుసు కుట్లు) వేయాలి, అదే ఆకు నడిమి ఈనె. హుక్కు నుంచి రెండో చైన్‌లో ఒక సింగిల్, తర్వాత ఒక హాఫ్ డబుల్, రెండు డబుల్, మధ్యలో మూడు ట్రెబుల్, మళ్లీ దిగుతూ రెండు డబుల్, ఒక హాఫ్ డబుల్, చివరి చైన్‌లో ఒక సింగిల్. పొట్టి కుట్టు, పొడుగు కుట్టు, మళ్లీ పొట్టి కుట్టు, అందుకే మధ్యలో ఉబ్బి కొసల్లో సన్నబడి ఆకు ఆకారం దానంతటదే వస్తుంది. ట్రెబుల్ అంటే భయపడక్కర్లేదు, డబుల్‌కు సూదికి దారం ఒక చుట్టు చుడతాం, దీనికి రెండు చుట్లు, అంతే.

కాగితంలో ఒకే లైన్‌లో తేల్చేసిన చోటు ఇంకొకటుంది, ఆకు మొన. చివరి చైన్‌లో సింగిల్ వేశాక అక్కడే రెండు చైన్లు వేసి, అదే కంతలో ఇంకో సింగిల్ వేయాలి. ఆ రెండు చైన్లే మొన, అవి లేకపోతే ఆకు కొస గుండ్రంగా వస్తుంది. ఇప్పుడు పనిని తిప్పి పట్టుకుంటే మొదట వేసిన చైన్ల అడుగు పక్క పైకి వస్తుంది, అక్కడ ఒక్కో చైన్‌కు ఒక్కో పోగే మిగిలి ఉంటుంది. ఆ పోగు కిందకే సూది దూర్చి, హాఫ్ డబుల్ నుంచి మొదలుపెట్టి అవే కుట్లు అదే వరసలో సింగిల్ దాకా వేసుకుంటూ వచ్చి, మొదటి సింగిల్‌లో స్లిప్ స్టిచ్‌తో (దారాన్ని నేరుగా లాగేసే, ఎత్తు లేని కుట్టు) ముడేయాలి. కాడ కావాలంటే ఇంకో ఆరేడు చైన్లు వేసి వాటి మీదుగా స్లిప్ స్టిచ్‌తో వెనక్కి వచ్చేయడమే. కొత్తవాళ్లు ఆగిపోయేది ఆ ఒంటి పోగు దగ్గరే. దాన్ని దగ్గర నుంచి ఫొటో తీసి అచ్చేస్తే వాళ్ల సొమ్మేం పోయింది? దానికి బదులు సగం పేజీ 'మీ సృజనాత్మకతకు రెక్కలు' అని రాసుకున్నారు.

కడపలో ఉండేవాళ్లు ఈ డబ్బా కొనే ముందు ఒకసారి వై.వి.స్ట్రీట్ తిరగండి. ఏడు రోడ్ల కూడలి దగ్గర బండి ఎక్కడో ఒకచోట ఇరికించి నడుచుకుంటూ వెళ్తే, జాకెట్ లైనింగులు, లేసులు, బటన్లు అమ్మే ఫ్యాన్సీ షాపుల్లో క్రోషియా సూదులు, కాటన్ దారం ఉండలు దొరుకుతాయి. షాపులో వాళ్లు అలవాటుగా ముందు ఉక్కు సూది, సన్న లేసు దారం తీసిస్తారు, పెళ్లి పట్టుచీరల అంచులకు, టేబుల్ గుడ్డలకు అదే కదా అడిగేది. నేను వెళ్లిన షాపాయన మాత్రం ఎవరికోసమని అడిగి, "కొత్తగా నేర్చుకునేదానికి ఇది వద్దుమ్మా, కండ్లు పోతాయి" అని తనే లోపలి నుంచి లావు సూది, లేత చిలకాకుపచ్చ కాటన్ ఉండ తెచ్చిచ్చాడు. రెండూ కలిపి కిట్ ధరలో మూడో వంతు కూడా కాలేదు. ఇబ్బందేంటంటే రంగులు తక్కువ, కావాల్సిన షేడ్ ఉంటుందన్న గ్యారంటీ లేదు, పండగల ముందు వెళ్తే నిలబడటానికి కూడా చోటుండదు, ఆ రద్దీలో ఎవరూ మీకు ఓపిగ్గా చెప్పరు.

కాటన్‌తో ఇంకో లాభం గంజి. అల్లిన ఆకు అంచులు ముడుచుకుంటాయి, ఇది అందరికీ జరిగేదే. సగ్గుబియ్యం గంజి పల్చగా కాచి, ఆకును ముంచి పిండి, తువ్వాలు మీద పరిచి మొన, కాడ, రెండు పక్కలా గుండుసూదులు గుచ్చి ఎండలో పెడితే కాసేపటికే అట్టలా నిలుస్తుంది. మన ఎండ పనికొచ్చే సందర్భాల్లో ఇదొకటి. అక్రిలిక్ గంజిని సరిగా పీల్చుకోదు, ఎంత సాగదీసి ఆరబెట్టినా మళ్లీ ముడుచుకుంటుంది, అందుకే కిట్‌లో ఆ తీగ ఇచ్చారు. దాన్ని అంచు వెంట దబ్బనంతో కుట్టుకుంటే ఆకు నిలబడుతుంది కానీ ఉతికితే తుప్పు మరకలు పడతాయి, తోరణానికి నేను వాడను.

చేత్తో అల్లింది ఖరీదెందుకని అడిగేవాళ్లకు ఒక మాట. క్రోషే అచ్చంగా చేతిపనే, మిషన్ మీద వచ్చేది చూడ్డానికి దగ్గరగా ఉండే వేరే అల్లిక. నర్సాపురం లేసుకు 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, గోదావరి పల్లెల్లో ఇదే హుక్కుతో తరాలుగా అల్లుతున్నారు. మన కడప పెద్ద దర్గా వీధిలో అమ్మే తెల్ల జాలీ టోపీల్లో చేత్తో అల్లినదొకటి ఉంటే తిప్పి చూడండి, నడినెత్తి నుంచి గుండ్రంగా తిరుగుతూ వచ్చేవి ఇవే చైన్లు, ఇవే డబుల్ కుట్లు.

ఇక కొనాలా వద్దా. దగ్గర్లో అల్లిక తెలిసిన అత్తో, ఆంటీనో ఉంటే కిట్ వద్దు, షాపులో సూది, లేత రంగు కాటన్ తెచ్చుకుని ఒక మధ్యాహ్నం వాళ్ల పక్కన కూర్చోండి. ఎవరూ లేకపోతే, లేదా గిఫ్ట్‌కైతే, కొనండి, కాకపోతే లేత రంగు ఆప్షన్ ఉందేమో చూసుకోండి, కాగితం పక్కన పడేసి వీడియో ఒక్కటే నమ్ముకోండి. ఎడమచేతివాటం వాళ్లయితే వీడియోను ఫోన్‌లో మిర్రర్ చేసుకుంటే పని నడుస్తుంది, కిట్‌లో వాళ్ల కోసం ఏమీ లేదు. నావి ఐదుకు రెండున్నర స్టార్లు, అందులో రెండు హుక్కువే. కాగితం గురించి కస్టమర్ కేర్‌కు మెయిల్ పెడితే మర్యాదగా సారీ చెప్పి పీడీఎఫ్ పంపారు, తెరిస్తే అదే కాగితం, కలర్‌లో.