నీళ్లు తాగిన ఇంజిన్‌ను నిలబెట్టిన ఆటోనగర్ షెడ్డు

2024 సెప్టెంబరు 1, ఆదివారం ఉదయం బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా వీధిలోకి వచ్చినప్పుడు, అమ్మానాన్నలను ఫ్లైఓవర్ అవతలికి చేర్చాలన్న ఆత్రంలో కారు బయటికి తీశాను. వీధి చివరిదాకా నీళ్లు చక్రంలో సగానికే ఉన్నాయి. మలుపు తిరిగాక ఎదురుగా వచ్చిన ట్రాక్టరు లేపిన అల బానెట్ మీదికి ఎక్కింది, ఇంజిన్ ఒక్కసారి కుదిపి ఆగిపోయింది. ఏమీ ఆలోచించకుండా తాళం మళ్లీ తిప్పాను. లోపల ‘టక్’మని గట్టి శబ్దం వచ్చింది, ఆ తరువాత ఏ శబ్దమూ లేదు. వీధి కుర్రాళ్లు నలుగురు నడుములోతు నీళ్లలో నెట్టుకుంటూ వెళ్లి కారును ఫ్లైఓవర్ ఎక్కే వాలు మీద నిలబెట్టబట్టి గానీ లేకపోతే అది పైకప్పు దాకా మునిగిపోయేది.

ఈ సమీక్ష ఆ కారును బాగుచేసిన ఆటోనగర్ షెడ్డు గురించి. దానికి బోర్డు లేదు, పేరు రాయడం మేస్త్రి గారికి ఇష్టం లేదు కాబట్టి నేనూ రాయడం లేదు. అయితే అక్కడ పని ఎలా జరిగిందో తెలిస్తే, మీరు ఏ షెడ్డుకు వెళ్లినా మెకానిక్ పనితనాన్ని అంచనా వేసుకోగలుగుతారు.

షెడ్డుకు వెళ్లేలోపే పన్నెండు రోజులు పోయాయి. మొదట కారును కంపెనీ సర్వీస్ సెంటరుకు లాగించాను. ఆ వారాల్లో ఊళ్లో ఎక్కడ చూసినా మునిగిన బండ్ల వరుసలే కాబట్టి ఆలస్యం అర్థం చేసుకోదగినదే. కానీ ఆ పన్నెండు రోజుల్లో కనీసం స్పార్క్ ప్లగ్గులు విప్పి సిలిండర్లలోని నీళ్లు బయటికి తీయకపోవడం మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేని విషయం. అది అరగంట పని. చివరికి ఇంజిన్ మొత్తం మార్చాలంటూ 1,85,000 రూపాయల అంచనా చేతిలో పెట్టారు. నా పాలసీ సమగ్ర బీమాయే అయినా ఇంజిన్ రక్షణకు విడిగా తీసుకోవలసిన యాడ్-ఆన్ అందులో లేదు. వరద నష్టానికి బీమా వర్తిస్తుంది గానీ, ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి లోపలి భాగాలు దెబ్బతినడం దాని పర్యవసానంగా జరిగిన నష్టం కిందికి వస్తుందని బీమా కంపెనీ వాళ్లు చెప్పి, ఆ ఖర్చు నా మీదే వేశారు.

ఆటోనగర్‌లో మేస్త్రి గారు బానెట్ ఎత్తకముందే అడిగిన మొదటి మాట, “ఆగిపోయాక సెల్ఫ్ కొట్టారా అండి?” అని, అంటే స్టార్ట్ చేయడానికి తాళం మళ్లీ తిప్పానా అని. ఒకసారి కొట్టానని చెప్పాను. “ఒక్కసారేనా, గుర్తు తెచ్చుకుని చెప్పండి” అని మళ్లీ అడిగారు. తరువాత బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిచి చూపించారు. కాగితపు ఫిల్టరు ముద్దయి, దాని మడతల్లో ఒండ్రు ఎండి ఉంది. ఆయిల్ డిప్‌స్టిక్ లాగితే పాలు ఎక్కువైన టీ రంగు కనిపించింది. స్టార్ట్ చేసి చూద్దామన్న మాట ఆయన నోట రాలేదు. నాకు ఆయన మీద నమ్మకం అక్కడే కుదిరింది.

ప్లగ్గులు నాలుగూ విప్పి, ఇంజిన్‌తో పాటు తిరిగే క్రాంక్ పుల్లీ చక్రానికి స్పానర్ వేసి చేత్తో నెమ్మదిగా తిప్పారు. మూడో రంధ్రం నుంచి తుప్పు రంగు నీళ్లు ఎగజిమ్మాయి. ఆపైన సన్నటి ఇత్తడి ఊచ ఒకటి తీసుకుని, ఒక్కో రంధ్రంలో పిస్టన్ మీద ఆనించి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోట ఊచ మీద మార్కరుతో గీత పెడుతూ వచ్చారు. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్ల గీతలు ఒకేచోట పడ్డాయి. మూడో దాని గీత బియ్యపు గింజ మందమంత తేడాలో నిలిచింది. ఆ పిస్టన్ మిగతా వాటంత ఎత్తుకు రావడం లేదన్నమాట. పెట్రోలు ఇంజిన్‌లో గాలిని పిస్టన్ సుమారు పదో వంతుకు అదిమేస్తుంది, నీళ్లు మాత్రం అలా అణగవు. పైకి వెళ్లే దారి లేక ఆ తోపుడంతా పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్ మీద పడి, అది వంగుతుంది. నేను విన్న ‘టక్’ శబ్దం దానిదే కావచ్చు. అది ఆగిపోయిన క్షణంలోనే వంగిందా, నేను తాళం తిప్పినప్పుడు వంగిందా అన్నది ఎవరూ చెప్పలేరు గానీ, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టి ఉంటే ఆ రాడ్ విరిగి, సిలిండర్లు ఉండే ఇంజిన్ బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చేదని ఆయన అన్నారు.

ఇంజిన్ దించి విప్పారు. ఆయిల్ చాంబర్ బోల్టు తీస్తే, ముందు నీళ్లు, వాటి వెనుక ఆయిల్ వచ్చాయి. మూడో సిలిండర్ లోపలి గోడ మీద తుప్పు పట్టిన వలయం కనిపించింది. ఆ పన్నెండు రోజులు నీళ్లు నిలిచిన గుర్తు అది. బ్లాకును లేతుకు పంపి హోనింగ్ (సిలిండర్ల లోపలి గోడలను సన్నగా అరగదీయడం) చేయించి, రింగులు, బేరింగులు, గాస్కెట్ సెట్టు కొత్తవి వేశారు. పాత రాడ్‌ను ప్రెస్సులో సరిచేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని నేను అడిగితే, వంగి నిటారైన రాడ్‌ను తాను వేయనని ఖండితంగా చెప్పి, పాతదాన్ని, కొత్తదాన్ని గాజు పలక మీద పక్కపక్కన పెట్టారు. విడిగా చూస్తే ఏ తేడా తెలియని పాత రాడ్ కింద నుంచి సన్నటి వెలుతురు గీత కనిపించింది. గేరు బాక్సు ఆయిల్ మార్చారు, కార్పెట్ల కింది దళసరి ఫెల్టు కూడా పీకించి ఎండలో వేయించారు. పైపైన తుడిచి వదిలేస్తే ఆ ఫెల్టులోని తడి నెలల తరబడి వైర్ల కప్లర్లను తింటుందట. చివర్లో సిలిండర్లలోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి చూపితే నాలుగు సిలిండర్లూ 170 పీఎస్ఐకి కాస్త అటూ ఇటూగా నిలిచాయి.

అన్నీ కలిపి 58,400 రూపాయలయింది. అందులో మజూరీ 14,000. విడిభాగాలన్నిటికీ దుకాణాల బిల్లులు నా పేరుతోనే ఇచ్చారు.

లోపాలు లేవని చెప్పను. ఎనిమిది రోజులన్న పని పందొమ్మిది రోజులు పట్టింది, అందులో సగం లేతు దగ్గర వరుసలోనే గడిచింది. మజూరీకి తెల్లకాగితమే తప్ప పన్ను బిల్లు లేదు, కాబట్టి బీమా క్లెయిము వచ్చే అవకాశం ఉన్నవారు సర్వేయరు చూసి వెళ్లేదాకా ఏ షెడ్డులోనూ బండి విప్పించకూడదు. వైరింగ్ పని పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్ చేశారు; నెల తిరగకుండానే ఎడమ తలుపు పవర్ విండో ఆగిపోయింది, దానికి మళ్లీ డబ్బు తీసుకున్నారు. ఏసీ వేస్తే బురద వాసన చాలా కాలం వచ్చింది. ఎయిర్‌బ్యాగ్ పరికరాన్ని మేస్త్రి గారు ముట్టుకోలేదు, అది తనకు తెలియని పని అని చెప్పి కంపెనీకే పంపారు. ఆ మాట నాకు నచ్చింది.

300 కిలోమీటర్లకు ఆయిల్ మళ్లీ మార్చడానికి రమ్మన్నారు, వెళ్లాను. దింపిన ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది, ఎండకు పట్టి చూసి, తెల్లదనం లేదని నిర్ధారించుకున్నాకే కొత్తది పోశారు. అప్పటి నుంచి 11,000 కిలోమీటర్లు తిరిగాను. ఆయిల్ తగ్గలేదు, పొగ లేదు, పిక్-అప్‌లోనూ తేడా లేదు. ఆటోనగర్‌లో ఇలాంటి షెడ్డుకు వెళ్లేవారు ఉదయం పది గంటలలోపు వెళ్లండి, తరువాత మేస్త్రులు లేతుల చుట్టూ తిరుగుతుంటారు. సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంతదాకా విప్పాలో వాళ్లు నిర్ణయించుకునేది ఆ జవాబును బట్టే.