కార్బన్ లెక్కల సాఫ్ట్‌వేర్: ఆడిట్‌కి బంగారం, స్కోప్ 3కి మాత్రం చాలదు

కంపెనీల కర్బన ఉద్గారాలు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి చందా కట్టి తీసుకున్నాం. ఒక రిపోర్టింగ్ సంవత్సరం మొదటి నుంచి చివరిదాకా వాడాక ఇది రాస్తున్నాను. నా పని అకౌంట్స్. వాతావరణ వెల్లడి చట్టాలు వస్తున్నాయి కాబట్టి ఈ లెక్క కూడా మా విభాగమే చూడాలన్నారు. అలా చేయడమే సరైనదని నా గట్టి నమ్మకం. ఇన్నాళ్లూ ఈ అంకెలు రంగురంగుల వార్షిక పుస్తకంలో ఒక మూల ఉండేవి, అడిగే నాథుడు లేడు. ఇకమీదట వాటి కింద సంతకం పెట్టాలి, బయటివాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు. వాతావరణ సమాచారం కంపెనీలు ఎలా వెల్లడించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఎస్2 2023 జూన్‌లో వచ్చింది, దేశాలు ఒక్కొక్కటే దాన్ని తమ నిబంధనల్లోకి తెచ్చుకుంటున్నాయి. కాలిఫోర్నియా ఎస్‌బీ 253 చట్టం 100 కోట్ల డాలర్ల వార్షికాదాయం దాటి, అక్కడ వ్యాపారం చేసే కంపెనీలను స్కోప్ 1 (కంపెనీ నేరుగా వదిలేవి), స్కోప్ 2 (కొన్న కరెంటు వల్ల వచ్చేవి) లెక్కలు 2026 నుంచి, స్కోప్ 3 (కొనే సరుకు, రవాణా లాంటి మిగతా గొలుసంతా కలిపి వచ్చేవి) లెక్క 2027 నుంచి బయటపెట్టమంటోంది. మీ కంపెనీ ఆ పరిమితికి చాలా కింద ఉండొచ్చు. కానీ మీ దగ్గర సరుకు కొనే పెద్ద కంపెనీ తన స్కోప్ 3 కోసం మిమ్మల్నే అడుగుతుంది. మాకు అలాగే మొదలైంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది ఆధారాల గొలుసు. జనరేటర్ డీజిల్ సంగతే చూడండి. కొన్న బిల్లులన్నీ కూడితే సరిపోదు, కాల్చిన డీజిల్ కావాలి. అంటే ఓపెనింగ్ స్టాక్, దానికి కొన్నది కలిపి, క్లోజింగ్ స్టాక్ తీసేయాలి. దానికి ఇందులో విడిగా గడులున్నాయి. తనిఖీకి వచ్చినావిడ ఒక నెల అంకె మీద వేలు పెట్టి "ఇది ఎక్కడిది?" అన్నారు. బిల్లు, ట్యాంకు కొలత రాసిన రిజిస్టరు పేజీ ఫొటో, లీటరుకు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనే గుణకం ఏ సంవత్సరం పట్టికలోదో, ఎంట్రీ వేసిందెవరు, ఆమోదించిందెవరు, అన్నీ ఒకే తెర మీద కనిపించాయి. ఆవిడ మళ్లీ డీజిల్ ఊసెత్తలేదు. ఇంత పని ఎక్సెల్‌లో చేయడం నరకం.

ఏసీ గ్యాస్ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఆర్-410ఎ పది కిలోలు గాలిలో కలిస్తే 20 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. అంత పెద్ద అంకెకు ఆధారంగా చేతిలో ఉండేది మెయింటెనెన్స్ బిల్లు మీద "గ్యాస్ ఫిల్లింగ్" అన్న ఒక్క ముక్క. ఎన్ని కిలోలో రాయరు. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, కాంట్రాక్టర్‌తో మాట్లాడి కిలోలు రాయించుకోవాల్సింది మనమే. కానీ ఆ గ్యాస్‌కి ఇందులో ముందే పెట్టి ఉంచిన విలువ (ఒక కిలో గ్యాస్ ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమో చెప్పే అంకె) 2,088, ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ నాలుగో నివేదిక నాటిది. ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఎస్2 తాజా నివేదిక విలువలు వాడమంటుంది. ఆరో నివేదిక ప్రకారం అది 2,256 దాకా వస్తుంది. చట్టం కోసం అమ్మే సరుకులో పాత విలువ పెట్టి, మార్చుకునే సెట్టింగ్‌ని ఎక్కడో లోపల దాచడం నాకు మింగుడుపడలేదు. సపోర్ట్‌కి రాస్తే మర్యాదగానే సరిచేశారు.

అసలు నిరాశ స్కోప్ 3. అందులోని పదిహేను వర్గాలూ "ఒక్క క్లిక్‌తో" వచ్చేస్తాయని ప్రచారం. ఆ క్లిక్ చేసేది, పెట్టిన ఖర్చును 'రూపాయికి ఇంత ఉద్గారం' అనే గుణకంతో హెచ్చించడమే. దాంతో స్టీలు ధర పెరిగితే, ఒక్క కిలో ఎక్కువ కొనకపోయినా మన ఉద్గారాలు పెరిగినట్టు చూపిస్తుంది. ఇంకా దారుణం, తక్కువ కాలుష్యంతో తయారయ్యే స్టీలు కాస్త ఎక్కువ ధరకు కొంటే, ఆ మంచి పనికి శిక్ష వేసినట్టు అంకె పైకి పోతుంది. ఎక్కడ ఎక్కువ ఉందో మొదటిసారి వెతుక్కోవడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. ఏటేటా తగ్గించామని చెప్పుకోవడానికి పనికిరాదు. పెద్ద సప్లయర్ల నుంచి టన్నుల లెక్కన సమాచారం అడిగి తెచ్చుకోవాల్సిందే. వాళ్లకు పంపే ఫారం ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉంది కానీ మరీ పొడుగు, మా సప్లయర్లలో చాలామంది సగంలో వదిలేశారు. మేం కుదించి సొంతంగా ఒకటి తయారుచేసుకున్నాం.

కరెంటు లెక్క బాగుంది. గ్రిడ్ సగటుతో ఒకటి, కొనుగోలు ఒప్పందాల ప్రకారం ఒకటి, రెండూ పక్కపక్కనే చూపిస్తుంది. డాష్‌బోర్డులూ గ్రాఫులూ అందంగానే ఉన్నాయి, వాటి జోలికి నేను పెద్దగా పోలేదు.

కొనాలా అంటే, అద్దె గోదాములు, ఉమ్మడి సంస్థలు మీ లెక్కలోకి వస్తాయో రావో ముందు కాగితం మీద తేల్చుకోండి, ఏ బిల్లు ఎవరి బాధ్యతో పేరు రాసుకోండి. ఉద్గారాల లెక్కకు అందరూ వాడే పద్ధతి తయారుచేసిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ వాళ్ల ఉచిత ఎక్సెల్ షీట్లతో ఒక మూడు నెలల లెక్క వేయండి. ఒకే యూనిట్ ఉన్నవాళ్లకు అవే సరిపోవచ్చు. యూనిట్లు ఎక్కువై, బయటి తనిఖీ తప్పనివాళ్లకు ఈ చందా దండగ కాదు. మేం రెన్యూ చేస్తున్నాం, ఒప్పందంలో రెండు మాటలు చేర్పించి: మానేసిన రోజున బిల్లుల ఫొటోలతో సహా డేటా మొత్తం మాకిచ్చేయాలి, కొత్త గుణకాలు వచ్చినా ముగిసిన సంవత్సరం లెక్క మాకు చెప్పకుండా మారకూడదు. డెమోకి వచ్చినప్పుడు వాళ్ల నమూనా డేటా చూడకండి, మీ డీజిల్ రిజిస్టరు, మీ ఏసీ బిల్లు ఇచ్చి వాటితో చేసి చూపించమనండి.